ఇండోనేషియా సినిమాల పిచ్చి కూడు పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ఏడాదిగా ఫోన్‌లో ఇండోనేషియా సినిమాలు, పాటలే. భాష కూడా సొంతంగా నేర్చుకుంటోంది. చదువు మానేసి జకార్తా వెళ్లి సినిమా రంగంలో చేరతానంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండమ్మా. అదేం చిన్న పరిశ్రమ కాదు. 2025లో అక్కడే తయారైన ‘జంబో’ అనే యానిమేషన్ సినిమాకి ఆ దేశంలో కోటికి పైగా టిక్కెట్లు తెగాయి. అయితే విదేశీయులకు అక్కడ ఉద్యోగం కావాలంటే వర్క్ పర్మిట్‌కి అక్కడి కంపెనీయే దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ కూడా లేని పిల్ల కోసం ఏ నిర్మాత అంత తిరుగుతాడు? బీకాం మానడానికి వీల్లేదని మాత్రం గట్టిగానే చెప్పండి.

ఆమె చేతిలో ఉన్న అసలు సరుకు భాష. అది మనకు మరీ పరాయిదీ కాదు. భాషని ‘బహాసా’ అంటారు. మన స్వామి అక్కడ ‘సువామి’ అయి భర్త అయ్యాడు, స్త్రీ ‘ఇస్త్రి’ అయి భార్య అయింది! కానీ పుస్తకం చదివినంత మాత్రాన సినిమా అర్థం కాదు. పుస్తకంలో ‘నేను’ అంటే ‘సాయా’, జకార్తా కుర్రాళ్ల నోట అది ‘గువె’.

అందుకే ఒక పని చేయించండి. ఏదైనా సినిమాలో పది నిమిషాల సీన్‌కి, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఆపేసి, తెలుగులో రాయమనండి. ఒక్కో డైలాగూ తెర మీద రెండు వరసల్లో పట్టాలి, చదివేలోపు మాయం కాకూడదు. రెండ్రోజులు దాంతో కుస్తీ పట్టాక కూడా ఇంకో సీన్ వెతుక్కుంటే, అది ఉత్త మోజు కాదు.

డిగ్రీ అయ్యాక ‘దర్మసిస్వా’ చూడండి. విదేశీ విద్యార్థులకు భాష, కళలు నేర్పడానికి ఇండోనేషియా ప్రభుత్వం 1974లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ అది. డిగ్రీ పట్టా రాదు. ఆ ఏటి నోటిఫికేషన్ ఉందో లేదో, విమాన చార్జీలు ఎవరివో చూసుకుని మరీ అప్లై చేయించండి. అక్కడ ఉండి చూశాక కూడా సినిమాయే కావాలంటే, జకార్తా ఆర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిల్మ్ కోర్సు ఉంది.

సినిమా కుదరకపోతే? మీ ఊరి నూనె ఫ్యాక్టరీలకు పామాయిల్ ఓడలు ఏ దేశాల నుంచి వస్తాయో ఒకసారి కనుక్కోండి. బీకాం చదివి, ఇండోనేషియా భాషలో బేరం మాట్లాడగల మనిషి అక్కడ ఎంతమంది ఉంటారు?