పీహెచ్‌డీలో చేరే ముందు డబ్బు సంగతి అడుగు

చి. స్రవంతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. లైఫ్ సైన్సెస్‌లో నీకు జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకు నెల నెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఫోన్‌లోనే మీ అమ్మ, "అక్కా, ఇంకో అయిదేళ్ళు చదివితే చివరికి జీతం ఎంతొస్తుంది?" అని అడిగింది. వెనక నుంచి నువ్వు, "అమ్మా, రీసెర్చ్ గురించి అలా అడగకూడదు" అన్నావు. అడగాలి తల్లీ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మన జీవశాస్త్ర పరిశోధనశాలల్లో ఒక అలవాటు పాతుకుపోయింది. డబ్బు గురించి అడిగినవాడికి సైన్స్ మీద ప్రేమ లేదని అనుకుంటారు. నా ఉద్యోగమంతా ప్రభుత్వ ల్యాబ్‌లో గడిచింది, ఇంటర్వ్యూ బోర్డుల్లో ఎన్నోసార్లు కూర్చున్నాను. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) ఇస్తారా అని ఒక కుర్రాడు అడిగితే బోర్డులో ముఖాలు చిట్లించుకోవడం కళ్ళారా చూశాను. ఈ అలవాటు వల్ల నష్టపోయేది ఎవరో కూడా చూశాను. ఇంట్లో వెనక ఆస్తి ఉన్నవాళ్ళు అడగకపోయినా నెట్టుకొస్తారు. మిగతావాళ్ళు నాలుగో ఏడో, అయిదో ఏడో నిశ్శబ్దంగా మానేస్తారు. వాళ్ళు వెళ్ళిపోయాక, "అంత ఆసక్తి లేదులే" అని మేమే తేల్చేసేవాళ్ళం. అది అన్యాయం.

ముందు అంకెలు చూద్దాం. జేఆర్‌ఎఫ్ 2014లో నెలకు 25,000 రూపాయలు, 2019లో 31,000, 2023 జనవరి నుంచి 37,000. రెండేళ్ళయ్యాక కమిటీ ముందు పని చూపించి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌ఏ అదనం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ సంవత్సరాలు ఇంకోసారి చూడు. కేంద్ర ఉద్యోగికి ఏడాదికి రెండుసార్లు డీఏ పెరుగుతుంది, ఫెలోషిప్‌కు డీఏ లేదు. నాలుగైదేళ్ళు అంకె అక్కడే ఆగిపోతుంది, ధరలు మాత్రం ఆగవు. పెంచిన ప్రతిసారీ స్కాలర్లు రోడ్డెక్కితేనే పెంచారు. 2019 జనవరిలో దేశం నలుమూలల నుంచి వచ్చిన స్కాలర్లు ఢిల్లీలో ధర్నా చేశాకే 31,000 అయింది. పెంచమని అడగడం మర్యాద తప్పడం అనుకునే రోజులు ఇకనైనా పోవాలి. పీఎఫ్ లేదు, ఈ అయిదేళ్ళు పెన్షన్ సర్వీసులో కలవవు. నీతో ఎమ్మెస్సీ చేసి బ్యాంకులో చేరిన అమ్మాయికి ఆ అయిదేళ్ళలో జమయ్యేది నీకు జమ కాదు. ఇది తెలిసి చేరడం వేరు, చేరాక తెలుసుకోవడం వేరు.

ల్యాబ్‌లోకి వెళ్ళాక ఇంకో విషయం నీకే అర్థమవుతుంది. ఒకే బెంచి దగ్గర, ఒకే ఫ్రీజర్ వాడుకుంటూ, ఒకే పని చేసే నలుగురికి నాలుగు రకాల జీతాలు ఉంటాయి. నీలాగా సొంత ఫెలోషిప్ ఉన్నవాళ్ళకు 37,000. ప్రాజెక్ట్ అసోసియేట్‌గా చేరినవాళ్ళకు నెట్ గానీ గేట్ గానీ (జాతీయ అర్హత పరీక్షలు) ఉంటే అంతే, లేకపోతే 30,000. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ లేకుండా పీహెచ్‌డీలో చేరినవాళ్ళకు నెలకు 8,000. అవును, ఎనిమిది వేలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి అది కూడా ఉండదు. నీది సొంత ఫెలోషిప్ కాబట్టి నీకు ఒక బలం ఉంది. గైడ్‌తో పొసగకపోతే, నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని, ఫెలోషిప్‌తో సహా వేరే చోటికి మారొచ్చు. ప్రాజెక్టు మీద బతికేవాళ్ళకు ఆ దారి లేదు. ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్ళకు ముగుస్తుంది, జీతం కూడా దానితోనే ముగుస్తుంది. నీ స్నేహితులెవరైనా ప్రాజెక్టులో చేరుతుంటే, మంజూరు పత్రంలో ముగింపు తేదీ ఏమిటో ముందు చూడమని చెప్పు. "మళ్ళీ పొడిగిస్తాం" అన్న మాట కాగితం మీద లేకపోతే లెక్కలోకి రాదు.

ఇక అసలు కష్టం ఆరో ఏడాది. నీ ఫెలోషిప్ రెండు ప్లస్ మూడు, మొత్తం అయిదేళ్ళు. జీవశాస్త్రంలో పీహెచ్‌డీ అయిదేళ్ళలో పూర్తిచేసినవాళ్ళు లేకపోలేదు గానీ, ఆరో ఏడాదిలోకి వెళ్ళినవాళ్ళే నాకు ఎక్కువ తెలుసు. బద్ధకం వల్ల కాదు. ఎలుకల కాలనీ పెంచి, కావలసిన జన్యువు తీసేసిన పిల్లలు పుట్టి, అవి పెద్దవయ్యేసరికి ఏడాది దాటిపోతుంది. ల్యాబ్‌లో పెంచే కణాలకు (సెల్ లైన్) మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిందంటే నెలల పని పారేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. యాంటీబాడీకి ఆర్డర్ పెడితే కొనుగోలు ఫైలు టేబుళ్ళన్నీ తిరిగి, అది డ్రై ఐస్‌లో చేరేసరికి సీజన్ మారిపోతుంది. పేపర్ పంపిస్తే రివ్యూయర్ ఇంకో ప్రయోగం చేయమంటాడు, ఆ ఒక్క ప్రయోగానికి ఇంకో ఆరు నెలలు. ఈలోగా అయిదేళ్ళు నిండుతాయి, ఫెలోషిప్ ఆగిపోతుంది, థీసిస్ మాత్రం మిగిలే ఉంటుంది.

అందుకని చేరే ముందే గైడ్‌ను సూటిగా అడుగు: "సర్, మీ దగ్గర ఇంతకుముందు చేసినవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టింది? ఆరో ఏడాది వాళ్ళకు జీతం ఎక్కడి నుంచి వచ్చింది?" మంచి గైడ్ ఈ ప్రశ్నకు కోప్పడడు. ప్రాజెక్టులో ఆర్‌ఏగా (రీసెర్చ్ అసోసియేట్) పెట్టుకున్నాననో, ఇన్‌స్టిట్యూట్ ఆరు నెలలు ఇస్తుందనో చెబుతాడు. తడుముకుంటే, లేదా "ముందు పని చూడు, డబ్బు తర్వాత" అంటే, ఆ ల్యాబ్ ఎంత పేరున్నదైనా ఆలోచించుకో. అదే ప్రశ్న అక్కడి సీనియర్లను క్యాంటీన్‌లో కూర్చోబెట్టి విడిగా అడుగు. టీ తాగుతూ చెప్పే జవాబు ఆఫీసు గదిలో చెప్పే జవాబు కంటే నమ్మదగ్గది.

ఫెలోషిప్ డబ్బు నెల నెలా వస్తుందని కూడా అనుకోకు. నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయికి ఏదో పోర్టల్ మారిందన్న కారణంతో నెలల తరబడి రాలేదు. ఉప్పల్ దగ్గర గది అద్దె కట్టలేక, ఇంటికి చెప్పుకోలేక, చాలా నలిగిపోయింది. వాళ్ళ నాన్న కౌలు రైతు. ఆ అమ్మాయే తన ఫెలోషిప్‌లో కొంత తమ్ముడి చదువుకు పంపేది. ఇలాంటి పిల్లలు మన ల్యాబుల్లో చాలామంది ఉన్నారు. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివినవాళ్ళు, రిజర్వేషన్‌లో సీటు తెచ్చుకుని తెలివితో నెగ్గుకొచ్చినవాళ్ళు. ఫెలోషిప్ ఆలస్యమైతే మొదట కుంగేది వాళ్ళే. నీకు ఆ ఇబ్బంది లేకపోయినా, పక్క బెంచి వాళ్ళకు ఉండొచ్చు, గమనించు. నీ వరకు మొదటి ఏడాదిలోనే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టు. వచ్చిన ప్రతి మంజూరు కాగితమూ ఫోటో తీసి దాచుకో.

ఇప్పుడు ఆడపిల్లల సంగతి. మీ ఎమ్మెస్సీ క్లాసులో మగపిల్లలు నలుగురో అయిదుగురో ఉన్నారన్నావు కదా. దేశమంతటా సైన్స్ చదువుల్లో ఇప్పుడు అమ్మాయిలదే పైచేయి. 2021-22 ఉన్నత విద్య సర్వే ప్రకారం సైన్స్‌లో చేరిన 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. కానీ పరిశోధన ఉద్యోగాలకు వచ్చేసరికి, యునెస్కో 2018 లెక్క ప్రకారం, భారత పరిశోధకుల్లో మహిళలు నూటికి 17 మంది కూడా లేరు. భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ కంటే జీవశాస్త్రం నయమే, అయినా పై మెట్లు ఎక్కేకొద్దీ పలచబడిపోతాం. టీకాల శాస్త్రవేత్త గగన్‌దీప్ కాంగ్ 2019లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి భారతీయ మహిళ అయ్యారు. కలైసెల్వి 2022లో మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌కు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ సంస్థ పుట్టింది 1942లో! ఎనభై ఏళ్ళు పట్టింది.

దీనికి కారణం అమ్మాయిల తెలివి కాదు, వయసు లెక్క. ఇరవై మూడుకు చేరితే పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై తొమ్మిది, ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. సీఎస్‌ఐఆర్‌లో సైంటిస్ట్ పోస్టుకు గరిష్ఠ వయసు 32, రిజర్వేషన్ వర్గాలకు కొంత సడలింపు. సరిగ్గా ఈ ఏళ్ళలోనే పెళ్ళి, పిల్లలు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కాలంలో మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. థీసిస్ సమర్పించడానికి రెండేళ్ళ అదనపు గడువూ ఉంది. మంచిదే, నువ్వు వాడుకోవాలి కూడా. కానీ ఇచ్చిన గడువుకు తగ్గ ఫెలోషిప్ ఇవ్వలేదు. డబ్బు లేని రెండేళ్ళు ఎవరికి పనికొస్తాయి? మొగుడి జీతం మీద ఆధారపడగలిగిన అమ్మాయికి మాత్రమే. ఇది మారాలని కమిటీల్లో చెబుతూనే వచ్చాను, ఇప్పుడు నీకూ చెబుతున్నాను. నువ్వు ఆ కుర్చీలోకి వచ్చాక నువ్వూ చెప్పు.

మీ అమ్మ సంబంధాలు చూడటం మొదలుపెడుతుంది, నాకు తెలుసు. పెళ్ళి వద్దని నేను అనను. అబ్బాయితో మాట్లాడినప్పుడు, "నాకు వేరే ఊళ్ళో పోస్ట్‌డాక్ వస్తే ఏం చేద్దాం?" అని మొదటి రోజుల్లోనే అడుగు. మధ్యలో విరామం వస్తే బయోటెక్నాలజీ విభాగం వారి బయోకేర్, సైన్స్, టెక్నాలజీ విభాగం (డీఎస్‌టీ) వారి వైజ్-కిరణ్ లాంటి పథకాలు ఉన్నాయి. ఎంపిక కష్టమే, అయినా వాటితో తిరిగొచ్చి నిలదొక్కుకున్న ఆడవాళ్ళు నాకు తెలుసు.

అమెరికా గురించి కూడా అడిగావట. అక్కడ ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే పోస్ట్‌డాక్ కనీస స్టైపెండ్ 2024లో ఏడాదికి 61,008 డాలర్లు. పన్నులు కట్టకముందు నెలకు అయిదు వేల పైచిలుకు. బోస్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టాక మిగిలేది తక్కువ. ఎన్‌ఐహెచ్ వేసిన కమిటీయే 2023 డిసెంబరులో 70,000 ఇవ్వాలని సిఫారసు చేసింది. అక్కడి సైన్స్, ఇంజనీరింగ్ పోస్ట్‌డాక్‌లలో సగానికి పైగా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళే. ఉద్యోగం పోతే దేశం వదలాలన్న భయం ఉన్నవాళ్ళు జీతం గురించి గొంతెత్తలేరు. అయినా 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దాదాపు 48,000 మంది స్కాలర్లు, పోస్ట్‌డాక్‌లు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. అక్కడ సొంత ల్యాబ్ పెట్టి తొలి పెద్ద గ్రాంటు తెచ్చుకునేసరికి సగటున వయసు నలభై దాటుతోంది. 2025లో చాలా గ్రాంట్లు రద్దు చేశారు, కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. వెళ్ళొద్దనడం లేదు. గైడ్ దగ్గర రెండేళ్ళకు సరిపడా డబ్బు ఉందని రాతపూర్వకంగా చూసుకుని వెళ్ళు.

కంపెనీలో చేరడం ఓడిపోవడమని ఎవరన్నా నమ్మకు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో అంత పని చేసినా శాశ్వత స్థానం దక్కక, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడిన అమినోప్టెరిన్ ఆ కంపెనీలో ఆయన బృందం చేతుల మీదుగా వచ్చిందే. హైదరాబాద్ దగ్గర మందుల, టీకాల కంపెనీలున్న మన జీనోమ్ వ్యాలీ ఇంటికి దగ్గరే. టీకాల కంపెనీలకు ఫర్మెంటేషన్, అస్సే డెవలప్‌మెంట్ (పరీక్షా పద్ధతులు తయారుచేయడం) తెలిసినవాళ్ళు కావాలి. నాణ్యత పరీక్షల విభాగం క్యూసీలో పగలూ రాత్రీ షిఫ్టులు ఉంటాయి, ఆర్ అండ్ డీలో ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీలో ఉండగానే కాస్త బయోఇన్ఫర్మాటిక్స్, 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ నేర్చుకో, ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది. శాశ్వత ఉద్యోగమొస్తే విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూల వేతనం 57,700, సీఎస్‌ఐఆర్ సైంటిస్ట్‌కు 67,700, పైన డీఏ, హెచ్‌ఆర్‌ఏ. మంచి జీతమే. పోస్టులు కొన్ని, పీహెచ్‌డీలు చాలా. అందుకే ఈ ఒక్క తలుపు మీదే ఆశ పెట్టుకోవద్దంటున్నాను.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల జాబితాతో పాటు ఆయన పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారో చూడు. అందులో అమ్మాయిలు ఎందరు థీసిస్ పూర్తిచేశారో, ఎందరు మధ్యలో వెళ్ళారో చూడు. ల్యాబ్ వెబ్‌సైట్‌లో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఉండవు, పేపర్లలో ఒకసారి కనబడి మాయమైన పేర్లు వెతికితే తెలుస్తుంది.

ఆఫర్ లెటర్ రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. సంతకం పెట్టే ముందు ఇద్దరం ఫోన్‌లో కూర్చుని తేదీలూ, అంకెలూ, హెచ్‌ఆర్‌ఏ లైనూ చూద్దాం. మీ అమ్మను కూడా పక్కన కూర్చోమను.

ప్రేమతో,
పెద్దమ్మ