బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుంటే మందుపాతర పేలినా ఏమీ కాదా?

అవుతుంది, ఛాతీ, పొట్టలోకి దూసుకొచ్చే ముక్కల్ని జాకెట్ చాలావరకు ఆపుతుంది గానీ పేలుడు ఒత్తిడిని ఆపలేదు.

మేకులు, ఇనుప ముక్కలు, రాళ్లు వచ్చి తగిలితే జాకెట్‌లోని కెవ్లార్ లాంటి గట్టి నార పొరలు ఆ దెబ్బను చుట్టూ పంచేసి ముక్కను పట్టేస్తాయి. ఒత్తిడి తరంగం అలా కాదు. గుడ్డలోంచి, చర్మంలోంచి నేరుగా లోపలికి పోయి గాలి ఉన్న చోట్ల దెబ్బతీస్తుంది: కర్ణభేరి, ఊపిరితిత్తులు, పేగులు. సుమారు 35 కిలోపాస్కల్స్, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడిలో దాదాపు మూడో వంతు అదనపు ఒత్తిడికే కర్ణభేరి చిరగొచ్చు. వింతేమిటంటే, గొర్రెలపై చేసిన ప్రయోగాల్లో గట్టి పలక లేని మెత్తటి జాకెట్ వల్ల ఊపిరితిత్తుల గాయం ఇంకా పెరిగింది. గట్టి పలక, దాని కింద ఫోమ్ ఉంటే ఆ తరంగం లోపలికి పోవడం తగ్గుతుంది.

ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం వైపు అడవుల్లో మావోయిస్టులు పాతిన ప్రెషర్ బాంబు మీద జవాను కాలు పడిందనుకోండి. పేలుడు కింది నుంచి వస్తుంది. ముందు పోయేది పాదం, పిక్క. మట్టీ బూటు ముక్కలూ తొడ కండలోకి ఎక్కుతాయి. అక్కడ జాకెట్టే లేదు. అప్పుడు ప్రాణం నిలిపేది రక్తం ఆగేలా తొడకు బిగించి కట్టే టోర్నికే అనే పట్టీ.

చాలామంది పొరబడేది ఇంకోచోట: పైకి రక్తం లేదు కాబట్టి మనిషి బాగానే ఉన్నాడనుకుంటారు. ఊపిరితిత్తులు దెబ్బతింటే ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. చెవి బాగుందని ఊపిరితిత్తులూ బాగున్నాయనుకోవడానికి లేదు. అందుకే డాక్టర్లు ఎక్స్‌రే తీసి, ఆక్సిజన్ చూస్తూ కొన్ని గంటలు ఉంచుతారు.