‘అంతటా’ అనే మాట కొట్టేసి మళ్లీ రాయి

దేవరకొండ

బిడ్డా,

సాలెపురుగుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గరే కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రాత్రి అన్నం తిన్నాక మళ్లీ తీస్తే తొమ్మిదో పేజీలో మీ నాయన కనిపించాడు. చెల్క కంచె కొట్టడానికి గొడ్డలి పట్టుకుని పోయి, రేగుకొమ్మకు పట్టిన ఆ బూజుగూడు చూసి, ఆ ఒక్క కొమ్మ వదిలేసి చుట్టూ కొట్టుకొచ్చాడని రాశావు. రెండే వాక్యాలు. అవి చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఆ రెండు వాక్యాల కోసమే ఈ ఉత్తరం.

ముందు కోపం సంగతి. మూడో పేజీలో నువ్వు రాసింది ఇది: ‘స్టెగోడైఫస్ జాతి సాలెపురుగులు ఆఫ్రికా నుంచి భారతదేశం వరకు అంతటా గుంపులుగా కలిసిమెలిసి జీవిస్తాయి.’

స్టెగోడైఫస్ జాతి కాదు, ప్రజాతి. 1873లో యూజీన్ సైమన్ అనే ఫ్రెంచి ఆయన పెట్టిన ఇంటిపేరు అది. ఈరెసిడే కుటుంబంలోకి వస్తుంది. ఆ ఇంటిపేరు కింద ఇరవై దాకా జాతులున్నాయి. మీ నాయన వదిలేసిన కొమ్మ మీదిది వాటిలో ఒకటి, స్టెగోడైఫస్ సారసినోరం. 1892లో కార్ష్ అనే జర్మన్ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి సింహళంలో తిరిగి పురుగుల్ని సేకరించిన సారసిన్ దాయాదులు ఇద్దరి పేరు మీద పెట్టాడు. ఇద్దరు కాబట్టి లాటిన్‌లో బహువచనం, సారసినోరం. నువ్వు ‘సారసిని’ అని రాశావు. ఆ ఒక్క అక్షరంతో ఒక మనిషిని చరిత్రలోంచి తీసేశావు.

బ్రాకెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. పేర్ల పక్కన శాస్త్రవేత్త పేరు, సంవత్సరం వేసేటప్పుడు నువ్వు అందంగా ఉంటుందని అన్నిటికీ బ్రాకెట్లు పెట్టావు. అది అందం కోసం కాదు. బ్రాకెట్ ఉందంటే పహాణీలో పట్టా మారిందని అర్థం. ఒకాయన ఒక ప్రజాతిలో పెట్టిన జాతిని తర్వాతివాళ్లు ఇంకో ప్రజాతిలోకి మార్చారన్నమాట. మధ్యధరా ప్రాంతంలో ఉండే స్టెగోడైఫస్ లీనియాటస్‌కు లాట్రెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1817లో పేరు పెట్టినప్పుడు దాన్ని వేరే ప్రజాతిలో చేర్చాడు. అందుకే ఆయన పేరుకు బ్రాకెట్ ఉంటుంది. మన సారసినోరంను కార్ష్ మొదటి రోజే సరైన ఇంట్లో పెట్టాడు. దానికి బ్రాకెట్ ఉండదు. వర్గీకరణ అంటే రికార్డు బిడ్డా. గీత అటూ ఇటూ అయితే భూమి ఒకరిది, పట్టా ఒకరిది అవుతుంది.

ఇక ‘అంతటా’. ఈ మాట ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను.

1987లో నేను ఒక బడిలో సైన్సు సారును. మర్రిగూడ వైపు సైకిల్ మీద పోతుంటే ఒక తుమ్మకంచె మీద వరసగా ఏడు గూళ్లు కనిపించాయి. రెండేళ్లు చూశాను ఆ కంచెను. ఏ గూడు ఏ కొమ్మకు పిల్ల గూడు పెట్టింది, ఏది ఎండిపోయింది, కంచెకు ఏ చివర ఆగిపోయాయి, అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పుస్తకం కొనే స్తోమత లేదు. పోకాక్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త 1900లో సాలెపురుగుల మీద రాసిన సంపుటం హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో ఉందని తెలిసి, నాలుగు ఆదివారాలు తెల్లవారుజాము బస్సుకు పోయి, కావలసిన పేజీలన్నీ చేత్తో ఎక్కించుకొచ్చాను. మధ్యాహ్నం అరటిపండు, చాయ్. అట్లా రాసిన వ్యాసం ఒక వారపత్రికకు పంపితే ఎనిమిది నెలలకు అచ్చయింది. చూసుకుంటే మర్రిగూడ లేదు. తుమ్మకంచె లేదు. ఏడు గూళ్లు లేవు. ‘మన రాష్ట్రమంతటా కనిపించే ఈ వింత సాలీడు’ అని ఉంది. ఎడిటర్‌ను కలిసి అడిగితే, మీ ఊర్ల పేర్లు మా పాఠకులకెందుకు సార్ అన్నాడు. ఆయన ఊరు పేరైతే వేసేవాడు, నాకు తెలుసు. మా వైపు ఊర్లే ఆయనకు పేర్లలాగా వినిపించలేదు.

నెల తిరక్కముందే కోనసీమ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. ఒక పెద్దాయన రాశాడు. ‘రాష్ట్రమంతటా అన్నారు కదా అని మా కొబ్బరితోటల్లో మనవడితో కలిసి మూడు రోజులు వెతికాను, ఒక్కటీ లేదు, పిల్లవాడు నిరాశపడ్డాడు’ అని. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. నేను రాయని మాటకు నేను సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచి నా రాతలో ఆ మాట లేదు. ఎవరు రాసినా ఒప్పుకోను.

ఇంత పట్టుదల ఎందుకని నీకు అనిపించవచ్చు. గుత్తి సాలెపురుగు కథ విను. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నీలిరంగు పెద్ద సాలెపురుగును చూసి పోకాక్ దానికి పొసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. లేబుల్ మీద ఊరు గుత్తి. ఆ తర్వాత నూరేళ్లకు పైగా అది మళ్లీ కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో, చెట్టు తొర్రల్లో దొరికింది. అసలు అది గుత్తిది కాదు, కలప దుంగల్లో రైలెక్కి గుత్తికి వచ్చిందని అనుకుంటున్నారు. మన దేశంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటి లెక్కలో 2008 నుంచి ఉంది. లేబుల్ మీద ఊరు పేరు దారి తప్పితే ఒక ప్రాణి అడ్రసు నూరేళ్లు పోయింది. మన అమ్రాబాద్ కూడా ఆ నల్లమలదే. ఊరు పేరు ఎందుకని అడిగిన ఎడిటర్‌కు అప్పుడు ఈ కథ చెప్పలేకపోయాను. 1987కు ఆ కథ ఇంకా పూర్తి కాలేదు మరి.

మన పెద్దవాళ్లకు ఇది తెలుసు. శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలెపురుగే కదా. పురాణం చెప్పినవాళ్లు కూడా సాలెపురుగుకు ఒక ఊరు ఇచ్చి, ఆ ఊరి పేర్లో మొదటి అక్షరం చేసి పెట్టారు.

నీ వాక్యంలో ‘అంతటా’ ఇంకో పెద్ద సంగతిని కూడా మింగేసింది. ఆ ఇరవై జాతుల్లో గుంపుగా కాపురం చేసేవి మూడే మూడు. మనది ఒకటి. మిగతా రెండు ఆఫ్రికావి, డుమికోలా, మిమోసారం. తక్కినవన్నీ పిల్లలు పెద్దయ్యాక ఎవరి కొమ్మ వాళ్లు చూసుకునేవే. మన దేశంలోనే పసిఫికస్ అనీ మిరాండస్ అనీ టిబియాలిస్ అనీ వేరే జాతులున్నాయి. అవి ఇట్లా పెద్ద గుంపులు కట్టవు. ఇంకా పెద్ద విషయం, ఈ మూడూ ఒక్క తల్లి నుంచి ఆ అలవాటు తెచ్చుకోలేదు. క్రౌస్ దంపతులు 1989లో ఈ ప్రజాతిని మొత్తం మళ్లీ పరిశీలించి, కలిసి బతకడం ఇందులో వేర్వేరు శాఖల్లో వేర్వేరుగా పుట్టిందని తేల్చారు. తర్వాత జన్యువులు చూసినవాళ్లూ అదే చెప్పారు. మూడుసార్లు, మూడు చోట్ల! ఆఫ్రికా నుంచి ఇండియా దాకా ఒకే రంగు పూసి నువ్వు గీసిన పటం ఈ అద్భుతాన్ని కప్పేసింది. మూడు వేర్వేరు చుక్కలు పెట్టి ఉంటే చదివేవాడు ‘ఎందుకు?’ అని అడిగేవాడు. ఆ ప్రశ్న పుట్టించడానికే కదా మనం రాసేది.

సారసినోరం ఇండియా, శ్రీలంక, నేపాల్, మయన్మార్‌లలో ఉంది. అట్లా నాలుగు పేర్లు రాయి. ఆ తర్వాత మీ కంచె రాయి.

కంచె అంటే గుర్తొచ్చింది. నీ వ్యాసంలో గూడు ఎట్లా ఉంటుందో ఒక్క ముక్క లేదు. ‘పట్టుతో అల్లిన గూడు’ అని వదిలేశావు. ఒకసారి నేను ఎండిపోయిన గూడు ఒకటి కొమ్మతో సహా కోసి, పుట్టపాకలో నాకు తెలిసిన ఒక నేతగాడి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మగ్గం ఆపి, చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య నలిపి చూశాడు. ‘సారూ, దీంట్లో పడుగూ లేదు, పేకా లేదు. ఇది నేత కాదు, ఏకిన దూది’ అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. పుస్తకాల్లో ఉన్నది అచ్చం అదే. తోటలో గుండ్రంగా వల కట్టే సాలెపురుగు దారానికి జిగురు బొట్లు పెడుతుంది. ఇది జిగురు పెట్టదు. చాలా సన్నని పోగుల్ని వెనక కాలికి ఉన్న దువ్వెన లాంటి వెంట్రుకలతో దువ్వి దువ్వి దూదిలాగా చేస్తుంది. పురుగు కాళ్లు అందులో చిక్కుకుంటాయి. సాలె అనే మాట తన పేర్లోనే ఉన్న పురుగు గురించి, సాలెల ఇంట్లో పుట్టిన మనిషి ఒక్క మాటలో చెప్పాడు. నువ్వు ఇంటర్నెట్‌లో పది చోట్ల వెతికి తెచ్చిన నాలుగు పేజీల కన్నా ఆ ఒక్క మాటకు బరువెక్కువ. చూసినవాళ్లను అడుగు. మీ నాయనను అడిగావా, ఆ కొమ్మ ఎందుకు వదిలేశాడో?

పొద్దుగూకే వేళ పోయి కూర్చో. గూడు మురికి దూదిముద్దలాగా ఉంటుంది. ఎండుటాకులు, చీమల తలకాయలు, పెంకుపురుగుల రెక్కలు అందులోనే కుక్కి ఉంటాయి. సన్నని గడ్డిపోచతో వల అంచు మెల్లగా వణికించు. కంతలోంచి ఒకటి బయటికొచ్చి ఆగుతుంది. మళ్లీ వణికిస్తే ఇంకో రెండు. మిడత పడిందంటే తలా ఒక కాలు పట్టుకుని లాగుతాయి. తనకన్నా పెద్ద మిడతను ఏ ఒక్కటీ ఒంటరిగా గూట్లోకి ఈడ్చుకుపోలేదు. భూతద్దం ఉంటే ముఖం చూడు. నాలుగు కళ్లు నడిమిట్ల దగ్గర దగ్గరగా, మిగతా నాలుగు మూలలకు దూరంగా ఉంటాయి. ఆ కుటుంబం గుర్తు అదే. ఒంటి మీద మఖ్మల్ లాంటి నూగు ఉంటుంది.

‘తల్లిని తినే పిల్లలు! తెలిస్తే షాకవుతారు!’ అనే హెడ్డింగ్ తీసెయ్. ఎవరు నేర్పారు మీ పిల్లలకు ఈ అరుపులు? ఇప్పుడు ఏ సైన్సు వ్యాసం చూసినా ఇదే. చదివేవాడిని చెవి పట్టుకుని లాక్కొస్తే తప్ప రాడని అనుకుంటున్నారు. కింద ‘త్యాగమూర్తి’ అని కూడా రాశావు. త్యాగం అని మనం పేరు పెట్టాల్సిన పని లేదు. జరిగేది రాస్తే చాలు. తల్లి ముందు తన నోటి నుంచి ద్రవం కక్కి పిల్లలకు పెడుతుంది. ఆ సమయానికే దాని లోపలి భాగాలు కరగడం మొదలవుతుంది. చివరికి పిల్లలు దాన్నే తింటాయి. ఆఫ్రికాలోని డుమికోలాలో పిల్లలు పెట్టని ఆడవి కూడా గూట్లోని పిల్లలకు ఇట్లాగే ఆహారమవుతాయి. దీన్ని మెల్లగా, ఉన్నదున్నట్టు రాయి. ఆశ్చర్యార్థకం గుర్తు ఒక్కటీ వద్దు.

ఇంకో మాట. గూట్లో ఆడవే ఎక్కువ, మగవి బాగా తక్కువ. సంబంధాలన్నీ ఆ గూటివాళ్ల మధ్యే. దాంతో మూడు జాతుల్లోనూ జన్యువుల్లో తేడాలు చాలా తక్కువ. ఒక గూటికి కష్టం వస్తే అందరికీ ఒకేసారి వస్తుంది. ఇది నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కలిసిమెలిసి అనే మాట రాసేటప్పుడు దాని ఖర్చు కూడా రాయాలి.

మారుపేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకు పంపాలి, డబ్బులిస్తారా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

నీ వ్యాసం తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలోని ఆ రెండు వాక్యాలను మొదటి పేజీకి తెచ్చాను, ఎర్ర సిరాతో. ‘అంతటా’ పద్నాలుగు చోట్ల ఉంది. పద్నాలుగూ కొట్టేశాను. ప్రతి చోటా ఏం రాయాలో నువ్వే నింపు.

దానికి ముందు ఒక పని చెయ్యి. మీ చెల్క నుంచి డిండి వైపు వచ్చే దారిలో కంచెలన్నీ చూసుకుంటూ రా. ఒక్క రోజులో అవ్వాలని లేదు. ఏ కంచె దాకా గూళ్లున్నాయి, ఏ చెట్టు మీద ఉన్నాయి, ఎక్కడ ఆగిపోయాయి, ఊరు పేరుతో సహా రాసుకో. నేను దేవరకొండ నుంచి డిండి వైపు చూసుకుంటూ వస్తాను. మా ఇంటావిడ ఈ వయసులో ఎండలో ఏంటని టెన్షన్ పడుతుంది, నేను చెప్పుకుంటాలే. నా 1987 నోట్‌బుక్ కూడా తెస్తాను. అందులో మర్రిగూడ తుమ్మకంచె పటం ఉంది. మీ నాయనను కూడా తీసుకురా, ఆయనతో మాట్లాడాలి.

ఇట్లు
మీ సారు