భర్త అమెరికాలో ఉంటే పిల్లల మెయింటెనెన్స్ వస్తుందా? మా పాపకు ఎలా వచ్చిందంటే

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఆయన టెక్సస్‌లో, ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. బాబుకి ఆరేళ్లు. మూడేళ్లుగా ఒక్క రూపాయి పంపలేదు. ఈమధ్య అక్కడి కోర్టు ఇచ్చిన విడాకులంటూ ఒక పీడీఎఫ్ పంపాడు. మీరు కలిసిన లాయరేమో "అమెరికాలో ఉన్నవాణ్ని మనమేం చేస్తాం" అన్నాడు. చివర్లో "అడుక్కున్నట్టు అనిపిస్తోంది" అని రాశారు. ఆ ఒక్క మాట కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, ఎందుకంటే 2018లో నేను అచ్చం అదే మాట మా అమ్మతో అన్నాను. మా అమ్మ చదువుకోలేదు. "పాప అన్నం పాప అడుగుతోంది, నువ్వు దాని తరఫున మాట్లాడుతున్నావు, అంతే" అంది. చట్టం కూడా అలాగే చూస్తుంది. ఆ హక్కు మీ బాబుది. మీకూ ఆయనకూ మధ్య ఏం జరిగినా, విడాకులైనా, అది పోదు.

నేను లాయర్ని కాదు, తెనాలిలో ప్రైవేటు స్కూలు టీచర్ని. 2014లో పాపతో పాటు డాలస్ వెళ్లాను. 2016లో మా నాన్న ఆపరేషన్‌కని వస్తే, తిరుగు టికెట్ ఇదిగో అదిగో అంటూ మా ఆయన మళ్లీ వేయలేదు. 2017 నుంచి డబ్బు ఆగిపోయింది. నేను చేసిన పెద్ద తప్పు ఆ తర్వాతది. దాదాపు రెండేళ్లు పెద్దమనుషుల చుట్టూ తిరిగాం. ప్రతి పండక్కీ "ఈసారి వచ్చినప్పుడు మాట్లాడదాం" అనేవారు. చివరికి 2019 మార్చిలో పిటిషన్ వేశాను. కోర్టు మెయింటెనెన్స్‌ను, అంటే పాప పోషణకు నెలనెలా ఇవ్వాల్సిన డబ్బును, పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కగట్టింది. అంతకుముందు రెండేళ్లకు మా పాపకు ఏమీ రాలేదు. అందుకే మాట్లాడుకోవడాలు ఆపమని చెప్పను గానీ, ముందు పిటిషన్ వేసి ఆ తర్వాత మాట్లాడుకోండి.

ఎక్కడ వేయాలి అంటే, మీరు ఉంటున్న ఊరు ఏ ఫ్యామిలీ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే. ఆయన ఉన్న చోటికి వెళ్లనక్కర్లేదు. నేను వేసినప్పుడు అది సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 సెక్షన్. 2024 జులై 1 నుంచి అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 సెక్షన్ అయింది. కేసు తేలేదాకా నెలనెలా కొంత ఇప్పించమని ఇంటెరిమ్ పిటిషన్ కూడా అదే రోజు వేయించండి. నోటీసు అందాక వీలైనంత వరకు 60 రోజుల్లో దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది. లాయరు ఫీజు గురించి భయపడకండి. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం చెబుతోంది. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. నాకు మొదట వచ్చిన లాయరు లీగల్ ఎయిడ్ నుంచే. ఓపిగ్గా చేశారు.

ఇక ఆ విడాకుల కాగితం. 1991లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు మన తెలుగువాళ్లదే. తిరుపతిలో పెళ్లి, భర్త అమెరికా వెళ్లి మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఒప్పుకుని హాజరు కాని కోర్టు ఇచ్చిన ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి లాయర్ని అడగకుండా ఆ కోర్టుకు మీరు ఏ మెయిలూ పెట్టొద్దు, దేనిమీదా సంతకం చేయొద్దు. ఇంకో పని చేయండి, ఆ కాగితంలో బాబు గురించి ఏం రాశారో చూడండి. పిల్లలున్నారని చెప్పాడా, లేరని రాయించాడా? ఏది రాసినా ఆ కాపీ భద్రంగా ఉంచండి, మీ కేసులో పనికొస్తుంది.

మా కేసులో ఎక్కువ కాలం తిన్నది సమన్లు. ఆయనకు అందడానికే పదకొండు నెలలు పట్టింది. మొదట ఇచ్చిన అడ్రసులో ఆయన లేడు, ఖాళీ చేసి వెళ్లిపోయాడు. మా అత్తగారింటికి పంపితే "మాకు తెలియదు" అని రాసి తిప్పి పంపారు. అడ్రసు దొరికిన తీరు చెబితే మీకు నేరుగా ఉపయోగం, మీ ఆయన కూడా టెక్సస్‌లోనే ఉన్నాడు కాబట్టి. అక్కడ ప్రతి కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఇళ్ల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ అని ఒక ఆఫీసు ఉంటుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో యజమాని పేరు కొట్టి వెతకొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. డాలస్ చుట్టూ ఉన్న నాలుగు కౌంటీల సైట్లలో ఒక రాత్రి కూర్చుని ఇంటిపేరుతో సహా కొట్టాను. మూడోదాంట్లో దొరికింది. 2018లో, అంటే పాప ఫీజుకి డబ్బు లేదన్న ఏడాదే, నాలుగు పడకగదుల ఇల్లు కొన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆ పేజీ ప్రింటు తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లాను.

ఆ అడ్రసుకు సమన్లు పంపించాం. ఒక దేశం కోర్టు కాగితాలను ఇంకో దేశంలో ఉన్నవాళ్లకు అందించే హేగ్ సర్వీస్ ఒప్పందంలో మన దేశమూ అమెరికా రెండూ ఉన్నాయి, ఆ దారి ఉంది కానీ నిదానం. దాంతో పాటు మెయిల్‌కీ వాట్సాప్‌కీ కూడా పంపడానికి అనుమతి కావాలని మెమో వేయించండి. మా జడ్జిగారు అనుమతి ఇచ్చారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడ్డ రెండు వారాలకే ఆయన తరఫున ఇక్కడ ఒక లాయరు వకాల్తా వేశాడు. ఒకటి గుర్తుంచుకోండి. స్క్రీన్‌షాట్, వెబ్ పేజీ ప్రింటు ఏది దాఖలు చేసినా దానితో, అది ఏ ఫోన్, ఏ కంప్యూటర్ నుంచి తీశామో చెప్పే ఒక సర్టిఫికెట్ జతచేయాలి. మా అప్పుడు దాన్ని 65బి అనేవారు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. అది లేదని మా ప్రింటు ఒక వాయిదా అంతా పక్కన పెట్టేశారు.

జీతం నిరూపించడం రెండో కష్టం. "నెలకు మిగిలేది ఏమీ లేదు, అప్పులున్నాయి" అని కౌంటర్ వేశాడు. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు రజ్నేశ్ వర్సెస్ నేహా కేసులో ఇచ్చిన తీర్పు నాకు దేవుడిచ్చినట్టే వచ్చింది. మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పి తీరాలని, మెయింటెనెన్స్ పిటిషన్ తేదీ నుంచే ఇవ్వాలని అందులో ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లయితే అక్కడి జీతం, అక్కడి ఖర్చులు, పన్నులు కూడా కాగితాలతో చూపించాలి. మీ లాయరు అడగకపోతే మీరే అడిగించండి. మా ఆయన అఫిడవిట్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నానని రాశాడు. మా దగ్గర ఆ కౌంటీ ప్రింటు ఉంది. జడ్జిగారు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు, ఆ తర్వాత ఆయన లాయరు పెద్దగా వాదించలేదు.

మీ దగ్గర పేస్లిప్పులు లేకపోయినా కంగారుపడొద్దు. మీరు హెచ్4 మీద, అంటే భార్యకు ఇచ్చే డిపెండెంట్ వీసా మీద వెళ్లి ఉంటే, అప్పట్లో వీసాకి పెట్టిన కాగితాల్లో ఆయన కంపెనీ లెటరూ జీతమూ ఉంటాయి. పాత మెయిళ్లు వెతకండి. అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ హెచ్1బి (ఉద్యోగ వీసా) దరఖాస్తుల వివరాలు కంపెనీ, ఉద్యోగం, ఊరు, జీతం వారీగా అందరికీ కనిపించేలా పెడుతుంది. మనుషుల పేర్లుండవు గానీ, ఆయన కంపెనీలో అదే హోదాకి అదే ఊళ్లో ఎంత ఇస్తున్నారో తెలిసిపోతుంది. ఆయన హోదా లింక్డిన్‌లో ఆయనే రాసుకున్నాడు. ఆ రెండూ కలిపి పెట్టాం.

2021 జులైలో పాపకు నెలకు 25,000 రూపాయలు, పిటిషన్ తేదీ నుంచి ఇవ్వాలని ఆర్డర్ వచ్చింది. జూన్ దాకా 28 నెలలకు బకాయే 7 లక్షలు. కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. అయితే ఆర్డర్ చేతికి రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. ఐదారు నెలలు నెలవారీ పంపాడు, ఆ తర్వాత ఆపేశాడు. బకాయి జోలికే రాలేదు. కట్టాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయకపోతే ఆ నెలలకు వారెంటు ఇవ్వరు. పాత 7 లక్షలకు టైములోనే వేశాం గానీ, తర్వాత ఆగిన నెలలకు "మళ్లీ పంపుతాడేమో" అని చూస్తూ 14 నెలలు కూర్చున్నాను. రెండు నెలల డబ్బు, 50,000, అలా పోయింది. మీరు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. మూడు నెలలు ఆగాయంటే నాలుగో నెల పిటిషన్ పడాలి.

డబ్బు వచ్చింది మంగళగిరి దగ్గరున్న స్థలం వల్ల. మేం కలిసి ఉన్నప్పుడు 2015లో ఆయన పేరు మీద కొన్నది. దస్తావేజు జిరాక్స్ నా పెట్టెలో ఉండిపోయింది. ఆ నంబరుతో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) తీస్తే స్థలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది, కానీ మా మామగారికి జీపీఏ (తన తరఫున అమ్మే అధికారపత్రం) ఇచ్చి అమ్మే ప్రయత్నంలో ఉన్నారని ఊళ్లో తెలిసింది. వెంటనే జప్తు కోరుతూ పిటిషన్ వేశాం. మెయింటెనెన్స్ బకాయిని భూమిశిస్తు బకాయి లాగా వసూలు చేయమని కోర్టు కలెక్టర్‌కు రాయొచ్చు. మా పిటిషన్ మీద కోర్టు ఇచ్చిన ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు చేరిన నలభై రోజులకు మా మరిది డీడీలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "వదినా, ఇంత దూరం ఎందుకు, ముందే చెబితే సరిపోయేదిగా" అన్నాడు. నాలుగేళ్లు చెప్పాను. అది అతనితో అనలేదు, డీడీలు తీసుకుని కాఫీ ఇచ్చి పంపాను. తర్వాత ఇద్దరం కోర్టులో జాయింట్ మెమో వేశాం. నెలకు 30,000, రెండేళ్లకోసారి పది శాతం పెంపు. ఇప్పటిదాకా వస్తోంది. ఒకట్రెండు నెలలు ఆలస్యమైనా వస్తోంది.

మీ ఆయనకు ఇక్కడ ఏ ఆస్తీ లేకపోతే అప్పుడు అక్కడి దారి. మన కోర్టు ఆర్డర్ చూపించగానే అమెరికా కంపెనీ జీతం కోయదు. ఒక దేశం ఇచ్చిన పిల్లల పోషణ ఆర్డర్‌ను ఇంకో దేశంలో అమలు చేయించే 2007 నాటి హేగ్ చైల్డ్ సపోర్ట్ ఒప్పందంలో మన దేశం లేదు. అయినా మీరు ఇక్కడ ఉంటూనే, ఆయన ఉంటున్న కౌంటీలో అక్కడి లాయరు ద్వారా బాబుకి చైల్డ్ సపోర్ట్ పిటిషన్ వేయొచ్చు. టెక్సస్ చట్టంలో మామూలు లెక్క, ఒక బిడ్డకు తండ్రి నికర ఆదాయంలో 20 శాతం, దాని మీద ఒక పరిమితి ఉంటుంది. ఆర్డర్ వస్తే కంపెనీయే జీతంలోంచి కోసి పంపుతుంది. నాకు తెలిసిన ఒకావిడ ఆ దారిలో వెళ్లింది, లాయరు ఫీజు బాగా అయింది, ఏడాదిన్నర పట్టింది, కానీ ఆ తర్వాత నెల తప్పలేదు. ఆయన అమెరికా పౌరుడైతే, బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్ట్ కూడా ఇవ్వరు. నా సలహా, ముందు ఇక్కడ ఆర్డర్ తెచ్చుకుని, ఆరు నెలలు చూసి అప్పుడు అక్కడికి వెళ్లండి.

భార్యను హింసించిన భర్త మీద పెట్టే 498ఏ కేసు వేసి, విమానాశ్రయంలో ఆపేలా లుకౌట్ నోటీసు తెప్పిద్దామని ఎవరో ఒకరు చెబుతారు, నాకూ చెప్పారు. మిమ్మల్ని నిజంగా హింసించి ఉంటే వేయండి, అది మీ హక్కు, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. డబ్బు కోసం మాత్రం వేయొద్దు. ఆయన ఉద్యోగం నిలబడితేనే బాబుకి నెలనెలా వస్తుంది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఎన్‌ఆర్‌ఐ సెల్ ఉంది, ఢిల్లీలో జాతీయ మహిళా కమిషన్‌కూ ఒకటుంది. ఫిర్యాదు ఇస్తే వాళ్లు పిలిచి మాట్లాడతారు, కొందరు తండ్రులు ఆ ఫోన్‌కే దిగొస్తారు. అయితే కోర్టు ఆర్డర్‌కు అది బదులు కాదు.

సోమవారం లీగల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లేటప్పుడు పెళ్లి ఫోటోలు, బాబు బర్త్ సర్టిఫికెట్, ఆధార్, ఆయన పాస్‌పోర్ట్ కాపీ ఉంటే అదీ, ఆ పీడీఎఫ్ ప్రింటూ తీసుకెళ్లండి. అన్నిటికంటే ముందు ఈ రాత్రి ఒక నోటుబుక్ తీసి బాబు నెల ఖర్చు రాయడం మొదలుపెట్టండి. ఫీజు, ఆటో, పాలు, మందులు, చెప్పులు, పుట్టినరోజు చొక్కా, ఏదీ చిన్నదని వదిలేయొద్దు. మా కోర్టులో మొదటి రోజు అడిగింది అదే, నా దగ్గర లేదు. స్కూలు రసీదులు పోయి ఉంటే ఆఫీసులో అడగండి, డూప్లికేట్ ఇస్తారు.