పసో అడవి గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మలేషియాలోని పసో రిజర్వు ఫారెస్టుకి వెళ్లి, అక్కడి చెట్ల లెక్క గురించి తెలుగులో రాయాలనుకున్నావు చూడు, దానికే నాకు చాలా సంతోషమైంది. కానీ మొదటి పేజీలోనే ‘దట్టమైన పచ్చని అడవి’ నాలుగుసార్లు వచ్చింది. తీసెయ్. నల్లమలకీ అదే మాట, తలకోనకీ అదే మాట రాస్తూ పోతే, పాఠకుడికి పసో ఎలా కనబడుతుంది?

నీ దగ్గర మంచి సరుకుంది. 1980లలో అక్కడ 50 హెక్టార్లకి హద్దులు పెట్టి, చిటికెన వేలంత మొక్కని కూడా వదలకుండా నంబరు బిళ్లలు కట్టారు. 3 లక్షలకు పైగా చెట్లు, 800కు పైగా జాతులు! దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. పక్కనే ముదుమలైని పెట్టి చూడు. తమిళనాడులోని ఆ అడవిలోనూ 1988లో సరిగ్గా 50 హెక్టార్లలోనే లెక్క మొదలుపెట్టారు. అక్కడ తేలినవి 70కి అటూ ఇటూగా జాతులు. అది ఎండాకాలం ఆకు రాల్చే అడవి మరి.

కొలత తీసే పని మాత్రం నిదానంగా రాయి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ దగ్గర, టేపు చుడతారు. వేళ్లు గోడల్లా పైకి లేచిన మానైతే నిచ్చెనెక్కి, ఆ గోడలు అయిపోయాక కొలవాలి. కొలిచిన చోట రంగు పూస్తారు. మళ్లీ కొన్నేళ్లకి వచ్చేవాళ్లు అక్కడే టేపు పెట్టాలి కదా.

ఏ జాతో పోల్చుకోవడం ఇంకా కష్టం. ఆకులూ పూలూ ఎక్కడో పైన ఉంటాయి. రాలిన ఆకులు ఏరాలి, బెరడు గీకి వాసన చూడాలి. పడమటి కనుమల్లో ఒకసారి సర్వేవాళ్ల వెంట తిరిగాను. ఒకాయన కత్తి మొనతో బెరడు మీద చిన్న గీత గీసి, ‘ఆగండి’ అన్నాడు. కాసేపటికి అందులోంచి అచ్చం నెత్తురులా ఎర్రటి రసం ఊరింది. ‘జాజికాయ కుటుంబం’ అన్నాడు. ఆ రోజు చూసిన కొండలేవీ ఇప్పుడు గుర్తు లేవు, ఆ గీత గుర్తుంది. పసోలో నీకు అలా కనబడిందేమిటి? వ్యాసం మొత్తం వెతికాను, దొరకలేదు.

పెద్ద మానుల్లో ఎక్కువ భాగం డిప్టెరోకార్ప్ కుటుంబానివని రాసి ఊరుకున్నావు. మన పాఠకులు ఆ పేరు దగ్గరే ఆగిపోతారు. మనం ధూపం వేసే గుగ్గిలం ఇచ్చే చెట్టుకి అవి చుట్టాలని చెప్పు. కొన్నేళ్లకోసారి ఆ కుటుంబంలో చాలా జాతులు ఒక్కసారే పూస్తాయని, వాటి కాయలకి రెక్కలుంటాయని చెప్పు.

చివర్లో ‘అడవులను కాపాడుకుందాం’ అన్నావు. నీ బాధ నాకు తెలుసు, నాదీ అదే. అయినా ఆ వాక్యం కొట్టెయ్. పసోకి మూడు వైపులా పామాయిల్ తోటలున్నాయి. తోటలో ఎంత దూరం నడిచినా ఒకటే చెట్టు. అడవిలోనేమో అన్ని హెక్టార్లు గాలించినా నాలుగైదు చెట్లకు మించి దొరకని జాతులున్నాయి. తోటకీ అడవికీ మధ్య హద్దు దగ్గర నువ్వు నిలబడ్డావు కదా, ఏం చూశావో అది రాయి.

అక్షరదోషాల గురించి టెన్షన్ పడకు, అవి నేను దిద్దుతాను. ఆ ఒక్క పేజీ ముందు రాసి పంపు.