రాక్ పాటలు ఎక్కడ మొదలెట్టాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు రాక్ బ్యాండ్ల గురించే, అందుకని మిగతావి పక్కన పెట్టి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాం. "టాప్ 50 లిస్ట్ ఇవ్వండి" అన్నవాళ్ళకి మాత్రం సారీ, లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ చెప్పేవి తక్కువే కానీ వాటిలో ఏం వినాలో కూడా చెప్తాను.

ప్రశ్న: రాక్ అంటే నాకు అరుపులు, గోల తప్ప ఇంకేం వినపడదండీ. ఫ్రెండ్స్ మాత్రం తెగ మెచ్చుకుంటారు. నాలాంటి వాళ్ళు ఏ పాటతో మొదలెట్టాలి?

జవాబు: మెల్లగా మొదలై మెల్లగా పెరిగే పాటతో. లెడ్ జెపెలిన్ వాళ్ళ ‘స్టెయిర్‌వే టు హెవెన్’ (1971) పెట్టుకోండి, ఎనిమిది నిమిషాలు ఉంటుంది, కంగారు పడకండి. మొదట్లో అకౌస్టిక్ గిటార్, దాని పక్కన ఫ్లూట్‌లా వినిపించేది రికార్డర్ అనే వాయిద్యం, అంతే. డ్రమ్స్ అసలు నాలుగు నిమిషాలు దాటితే గానీ రావు, వచ్చినప్పుడు జాన్ బోనమ్ కొట్టే ఆ మొదటి దెబ్బ దగ్గర పాట ఎలా లేచి కూర్చుంటుందో గమనించండి. ఆ తర్వాత గిటారిస్ట్ జిమ్మీ పేజ్ సోలో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్క), ఆ తర్వాతే మీరు భయపడే అరుపు. కానీ అప్పటికి ఆ అరుపు మీకు గోలలా అనిపించదు, ఎందుకంటే ఆరు నిమిషాలుగా పాట మిమ్మల్ని దానికోసమే తయారు చేస్తూ వచ్చింది. డైరెక్టుగా ఆఖరి నిమిషం క్లిప్ చూసిన వాళ్ళకే అది గోల.

రెండోది యూటూ వాళ్ళ ‘విత్ ఆర్ వితౌట్ యూ’ (1987). ఇందులో పాట మొత్తం అవే నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), బేస్ గిటార్ అదే వరస తిప్పుతూ ఉంటుంది, మారేదల్లా దాని మీద ఎంత బరువు పెడుతున్నారన్నదే. బేస్ ఒక్కటే పట్టుకుని వినండి, మిగతావి వాటంతట అవే తెలుస్తాయి.

ప్రశ్న: ఇంగ్లీషు బాగానే వచ్చు, అయినా రాక్ పాటల్లో మాటలు ఒక్కటీ అర్థం కావు. లోపం నా దగ్గరే ఉందా?

జవాబు: లేదండీ బాబూ. నిర్వాణా వాళ్ళ ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ 1991లో వచ్చినప్పుడు సింగర్ కర్ట్ కొబేన్ ఏమంటున్నాడో అమెరికా వాళ్ళకే అర్థం కాలేదు, దాని మీద 1992లో ఒక పేరడీ పాట కూడా వచ్చింది, నోట్లో ఏదో పెట్టుకుని పాడుతున్నాడని వెక్కిరిస్తూ. ఆ పాటలో పని చేసేది మాటలు కాదు, వెర్స్‌లో (చరణంలో) గిటార్ రెండు నోట్లకి తగ్గిపోయి, కోరస్‌లో (పల్లవిలో) ఒక్కసారిగా మీద పడటం. కొబేన్ ఈ పద్ధతిని పిక్సీస్ అనే బ్యాండ్ నుంచి తీసుకున్నానని తనే చెప్పాడు.

మాటలు కావాలంటే పింక్ ఫ్లాయిడ్ ‘విష్ యూ వర్ హియర్’ (1975) వినండి, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని మరీ వినండి. మొదట్లో రేడియో స్టేషన్లు తిప్పుతున్న చప్పుడు, అందులోంచి పల్చగా ఒక గిటార్, కాసేపటికి దానితో కలిపి వాయిస్తూ పెద్దగా, దగ్గరగా ఇంకో గిటార్. అంటే ఎవరో ఒక్కడే గదిలో కూర్చుని రేడియోతో పాటు వాయించుకుంటున్నాడన్నమాట, మధ్యలో దగ్గు కూడా వినిపిస్తుంది చూడండి. బ్యాండ్ మొదలెట్టిన వాళ్ళలో ఒకడైన సిడ్ బారెట్ మానసికంగా దెబ్బతిని 1968లో బయటికి వెళ్ళిపోయాడు. 1975లో ఇదే ఆల్బమ్ పని జరుగుతుంటే గుండుతో, కనుబొమలు కూడా గీసేసుకుని స్టూడియోకి వచ్చాడు, పాత స్నేహితులే కాసేపు గుర్తుపట్టలేకపోయారు. ఇది తెలిశాక ఆ పల్లవి ఇంకోలా వినపడుతుంది.

ప్రశ్న: ‘హోటల్ కాలిఫోర్నియా’ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ముఖ్యంగా చివర్లో గిటార్. అలాంటివి ఇంకేమున్నాయి?

జవాబు: మంచి చోటే తగులుకున్నారు. ఆ చివరి రెండు నిమిషాల్లో ఇద్దరున్నారు, డాన్ ఫెల్డర్, జో వాల్ష్. ముందు ఒకరు వాయిస్తే ఇంకొకరు జవాబిస్తారు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి జంటగా దిగుతారు. ఈసారి ఎవరు ఎక్కడ ఆపి ఎవరు అందుకున్నారో పట్టుకోడానికి ట్రై చేయండి. 1976 ఆల్బమ్ వెర్షన్ ఒక్కటే విని ఉంటే, ఈ పాట చేసిన ఈగల్స్ బ్యాండ్ మళ్ళీ కలిసినప్పుడు 1994లో చేసిన అకౌస్టిక్ లైవ్ వెర్షన్ కూడా వినండి, మొదట్లో గిటార్ కొత్తది, పాట ఏదో గుర్తుపట్టగానే జనం కేకలు వేయడం వినిపిస్తుంది.

తర్వాత డైర్ స్ట్రెయిట్స్ ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’ (1978). ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక జాజ్ బ్యాండ్ పబ్బులో వాయిస్తుంటుంది, దాని మీద పాట ఇది. మార్క్ నాఫ్లర్ పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) లేకుండా వేళ్ళతోనే వాయిస్తాడు, అందుకే ప్రతి నోటూ కాస్త మాట్లాడినట్టుంటుంది, పాడే ప్రతి లైనుకీ గిటార్ వెనకాల ఏదో ఒక కామెంట్ చేస్తూ ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్ ‘కంఫర్టబ్లీ నమ్’ (1979)లో డేవిడ్ గిల్మర్‌వి రెండు సోలోలు, అందరూ రెండోదాన్నే పొగుడుతారు, నా ఓటు మాత్రం పొట్టిగా ఉండే మొదటిదానికే.

ప్రశ్న: కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకున్నాను. తాళం దృష్టితో చూస్తే రాక్ అంతా నాలుగు దెబ్బలేనా?

జవాబు: ఎక్కువగా నాలుగే, అబద్ధమెందుకు. కానీ పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ (1973) వేసుకుని చేత్తో తాళం వేయండి, ఏడు వస్తుంది, మిశ్రచాపు అలవాటున్న చేతికి హాయిగా దొరుకుతుంది. మొదట్లో వినపడే చిల్లర గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుళ్ళు టేపు ముక్కలు కత్తిరించి అతికించి చేసినవి, అవి కూడా లెక్కలోనే పడతాయి. సాక్సోఫోన్ అయిపోయి గిటార్ సోలో అందుకోగానే ఏడు కాస్తా నాలుగైపోతుంది, ఆ మలుపు దగ్గర చెయ్యి తడబడకుండా చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి రోజంతా తలుపేసుకుని మెటల్ వింటాడు. వాడితో కూర్చుని నేనూ వినగలిగే పాట ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: మీరు అడిగిన తీరే బాగుంది అమ్మా. మెటాలికా ‘నథింగ్ ఎల్స్ మాటర్స్’ (1991) పెట్టమనండి. బ్యాండ్ సింగర్, గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఫోన్లో మాట్లాడుతూ ఒక చెయ్యి ఖాళీ లేక, రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే పుట్టిన ట్యూన్ అది, మొదట్లో వినిపించేవన్నీ అలా వదిలేసిన తీగలే. సోలో కూడా ఎప్పుడూ వాయించే కిర్క్ హ్యామెట్ కాకుండా హెట్‌ఫీల్డే వాయించాడు, ఈ ముక్క మీరు చెప్తే మీవాడు తిరిగి చూస్తాడు.

ఇంకోటి లింకిన్ పార్క్ ‘ఇన్ ది ఎండ్’, 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లోది. పియానోతో మొదలై, ఒకతను ర్యాప్, ఇంకొకతను పాట. పాడిన చెస్టర్ బెన్నింగ్‌టన్‌కి మొదట్లో ఈ పాట నచ్చనే లేదట, చివరికి అదే వాళ్ళ పెద్ద హిట్లలో ఒకటైంది. 2017లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు, అందుకే పిల్లల్లో చాలామందికి ఈ పాటల మీద మామూలు ఇష్టం కాదు. మీవాణ్ణి ఇందులో ఏ లైన్ నచ్చిందో అడగండి, ఎందుకు నచ్చిందో మాత్రం మొదటి రోజే అడక్కండి.

ప్రశ్న: ‘బొహీమియన్ రాప్సోడీ’ అంత గొప్పదేంటి? మూడు పాటలు అతికించినట్టుంది.

జవాబు: క్వీన్ బ్యాండ్ పాట ఇది. అతికించినట్టే ఉంటుంది, అతుకు కనపడకపోవడమే గొప్ప. పియానో మీద బల్లాడ్, ఆపెరా, హెవీ రాక్, మళ్ళీ నెమ్మది, ఆరు నిమిషాలకి ఐదు సెకన్లు తక్కువ, మామూలు కోరస్ ఒక్కటి కూడా లేదు. ఆ ఆపెరాలో పెద్ద బృందం పాడినట్టుంటుంది కదా, పాడింది ముగ్గురే, ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్. వాళ్ళ గొంతులే మళ్ళీ మళ్ళీ రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. టేపు ఎన్నిసార్లు తిరిగిందంటే అరిగిపోయి, దానిలోంచి వెలుతురు కనపడేదట. అన్నిటికంటే పై స్థాయిలో చెవులు చిల్లులు పడేలా పాడేది డ్రమ్మర్ రోజర్ టేలర్. ఇంత విన్నా నచ్చకపోతే వదిలేయండి, బలవంతం ఏం లేదు.

ప్రశ్న: ఆడవాళ్ళు పాడే రాక్ బ్యాండ్?

జవాబు: క్రాన్‌బెర్రీస్ ‘జాంబీ’ (1994). ఇంగ్లండ్‌లోని వారింగ్‌టన్‌లో 1993లో ఐఆర్‌ఏ (ఐరిష్ సాయుధ సంస్థ) పెట్టిన బాంబులకి ఇద్దరు పిల్లలు చనిపోతే, ఆ కోపంతో డోలరెస్ ఓరియోర్డన్ రాసిన పాట. కోరస్‌లో ఆమె గొంతు మధ్యలో విరిగి పైకి లేస్తుంది, అది కావాలని చేసేదే.

ప్రశ్న: గిటార్ ఈమధ్యే కొన్నాను. ముందు ఏ రాక్ పాట నేర్చుకోవాలి?

జవాబు: అందరూ చెప్పేదే, డీప్ పర్పుల్ ‘స్మోక్ ఆన్ ది వాటర్’ (1972). ఒకే తీగ మీద ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే గళ్ళు) నంబర్లు ఇవి, 0 అంటే తీగ నొక్కకుండా మీటడం: 0-3-5, 0-3-6-5, 0-3-5-3-0. పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కథ నిజంగా జరిగిందే, 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు, కసీనో మొత్తం తగలబడి పొగ సరస్సు మీద పరుచుకుంది, అక్కడే ఆల్బమ్ రికార్డ్ చేద్దామని వచ్చిన వీళ్ళు అది చూసి పాట కట్టారు. ఒకే తీగ మీద పట్టు దొరికాక డి, జి తీగలు (మధ్యలో ఉండేవి) రెండూ కలిపి అవే ఫ్రెట్ల మీద వాయించండి, పిక్ పక్కన పెట్టి రెండు తీగల్నీ వేళ్ళతో ఒకేసారి లాగండి. బ్యాండ్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ వాయించేది అలాగే, పిక్‌తో వరసగా గీకితే ఆ సౌండ్ రాదు.