ఆ బూట్ల మీద ముద్ర చూసి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అంది పది రోజులైంది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, కథతో పాటు నువ్వు పెట్టిన ఉత్తరం తీశాను. మూడో పేజీలో ఇలా రాశావు: "నిజానికి మా తాత చనిపోలేదు బాబాయి గారూ. చైనావాళ్ళకి పట్టుబడి 1963లో ఇంటికొచ్చాడు. కానీ కథలో చనిపోతేనే బరువుగా ఉంటుందని అలా రాశాను." అది చదివాక కాఫీ తాగబుద్ధి కాలేదు.

బతికొచ్చిన మనిషిని ఎందుకు చంపావు?

భాష బాగుంది. మీ తాడేపల్లిగూడెం వైపు మాట చక్కగా పట్టుకున్నావు. దాని గురించి ఇంతకంటే చెప్పను, ఎందుకంటే నేను చెప్పాల్సింది వేరే ఉంది.

కథలో మీ తాత నామ్కా చూ ఏటి ఒడ్డున వైర్‌లెస్ సెట్టు పక్కన కూర్చుని ఉంటాడు. చుట్టూ మంచు. అప్పుడు నువ్వు రాసిన వాక్యం ఇది: "చలి అతని దరిదాపులకి రాలేదు, గుండెలోని దేశభక్తే అతనికి దుప్పటి అయింది." ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీస్తే కాగితం చిరిగింది. అబ్బాయ్, చలి వచ్చింది. అందరికీ వచ్చింది. అక్కడున్న వాళ్ళలో చాలామందికి ఒంటి మీద నూలు బట్టలు, కాళ్ళకి కాన్వాసు బూట్లు, పడుకోవడానికి ఒక్క దుప్పటి. ఆ లోయ పదివేల అడుగులు దాటిన ఎత్తులో ఉంది. అది అక్టోబరు నెల. దేశభక్తి దుప్పటి అవుతుందని నువ్వు రాస్తే, రెండో దుప్పటి పంపనివాళ్ళు బతికిపోతారు. నాకు కోపం వచ్చింది అందుకే.

అక్కడి సంగతులు నీకు కొంత తెలిసే ఉంటాయి, అయినా చెబుతాను. నామ్కా చూ అనేది తవాంగ్‌కి పడమర, భూటాన్ సరిహద్దు దగ్గర, థాగ్లా కొండ కింద పారే చిన్న ఏరు. 1962లో మన 7వ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్‌ని ఆ ఏటి ఒడ్డున పరిచారు. మనవాళ్ళు కింద, చైనావాళ్ళు కొండ మీద. చేతిలో .303 రైఫిళ్ళు, ఒక గుండు పేల్చాక బోల్టు లాగితేనే రెండోది పేలేది. తలా 50 తూటాలు. సామాను మోసుకురావడానికి రోడ్డు లేదు. పైన త్సాంగ్‌ధార్ దగ్గర విమానాల నుంచి జారవిడిచిన మూటలు చాలా వరకు లోయల్లో పడిపోయాయి. అక్టోబరు 20 తెల్లవారుజామున ఫిరంగులు మోగాయి. పొద్దెక్కేసరికి బ్రిగేడ్ చెల్లాచెదురైంది. ఒక్క 2వ రాజ్‌పుత్ బెటాలియన్‌లోనే 280 మందికి పైగా చనిపోయారు. కమాండరు బ్రిగేడియర్ జాన్ డాల్వీ పట్టుబడ్డారు. ఆ నెల రోజుల యుద్ధంలో పట్టుబడిన మనవాళ్ళు దాదాపు 4 వేల మంది. మీ తాత వాళ్ళలో ఒకడు.

నీ కథ అక్టోబరు 20న మొదలై అదే రోజు ముగుస్తుంది. అసలు కథ అంతకు మూడేళ్ళ ముందు మొదలైంది.

1959 ఆగస్టు ఆఖరున సైన్యాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడలేదు. ప్రమోషన్లలో మంత్రి వేలు పెడుతున్నారన్నది ఆ గొడవలో పెద్ద భాగం. నెహ్రూ నచ్చజెప్పి రాజీనామా వెనక్కి తీసుకునేలా చేశారు, తర్వాత పార్లమెంటులో తిమ్మయ్యదే తొందరపాటు అన్నట్టు మాట్లాడారు. ఆ తర్వాత గట్టిగా చెప్పేవాళ్ళు ఎవరుంటారు? తూర్పు కమాండ్ అధిపతి థోరాట్ అదే ఏడాది అక్టోబరులో ఒక కాగితం రాసి పంపారు. చైనా దాడి చేస్తే ఎక్కడ నిలబడగలం, ఎక్కడ నిలబడలేం అని. మంత్రి దాన్ని పక్కన పెట్టేశారని థోరాట్ తర్వాత రాసుకున్నారు. తిమ్మయ్య తన తర్వాత థోరాట్ రావాలన్నారు, రానివ్వలేదు. పెద్దలకి దగ్గరైన బి.ఎం. కౌల్ మెట్లు ఎక్కుతూ పోయారు. యుద్ధంలో దళాన్ని నడిపిన అనుభవం లేని ఆ మనిషికే 1962 అక్టోబరులో కొత్త కోర్, అంటే అక్కడి సైన్యాన్ని నడిపే పెద్ద దళం, అప్పగించారు. దాడికి రెండు రోజుల ముందు ఆయన జబ్బుపడి ఢిల్లీ చేరారు. అక్టోబరు 12న కొలంబో వెళుతూ నెహ్రూ విలేకరులతో, మన భూభాగాన్ని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పేశామన్నారు. ఆ మాట అన్న రోజున మీ తాత కాళ్ళకి కాన్వాసు బూట్లే ఉన్నాయి.

చైనా రాదులే అన్న నమ్మకం, విదేశీ మారకం లేదన్న ఆర్థిక శాఖ, చెప్పినా వినరన్న నీరసం, ఇవన్నీ కలిసి ఆ బూట్లయ్యాయి. ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు నివేదిక రాశారు. అరవై ఏళ్ళు దాటింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా దాన్ని ఇంతవరకు అధికారికంగా బయటపెట్టలేదు.

ఇదంతా నేనెందుకు ఇంత పట్టుగా చెబుతున్నానో నీకు తెలియాలి. ఇది నేను ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

కథలు రాయడం మొదలుపెట్టకముందే నేను గుమాస్తాని. సైన్యం ఖర్చుల బిల్లులు సరిచూసే ఆఫీసులో పాతికేళ్ళకి పైగా పనిచేశాను. చేరిన నాలుగైదేళ్ళకి, ఒక జనవరిలో, నా బల్ల మీదకి ఒక ఫైలు వచ్చింది. కొండల్లో ఉన్న ఒక యూనిట్‌కి ఉన్ని మేజోళ్ళు, చేతి తొడుగులు లోకల్ పర్చేజ్ చెయ్యాలని. మూడు కొటేషన్లు ఉండాలి, రెండే ఉన్నాయి. "మూడో కొటేషన్ జతచేసి తిరిగి పంపగలరు" అని మార్జిన్లో రాసి వెనక్కి పంపాను. రూలు ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అది మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి మార్చి 31 దాటింది. ఆ పద్దులో డబ్బు ఖర్చు కాలేదని సరెండర్ అయిపోయింది, అంటే వెనక్కి పోయింది. కొత్త సంవత్సరం, కొత్త ఫైలు, మొదటి నుంచి మళ్ళీ.

మే నెలలో వేరే పని మీద ఆ యూనిట్ హవల్దారు ఒకాయన వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. నేనే కల్పించుకుని, మీ మేజోళ్ళ ఫైలు ఈసారి త్వరగా చేస్తానన్నాను. ఆయన చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "ఇప్పుడు తొందరేం లేదులెండి బాబూ, చలి వెళ్ళిపోయింది" అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా, వర్షం తగ్గింది అన్నట్టు అన్నాడు. ఆ సంవత్సరం నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో నేను నిశితంగా పరిశీలిస్తానని మంచి మాట రాశారు.

ఏడేళ్ళకి ఆ సంగతే కథగా రాశాను. ఒక వారపత్రికకి పంపాను. ఎడిటరు గారు పిలిపించారు. "గుమాస్తా కథ ఎవరు చదువుతారండీ? ఆ హవల్దారుని చంపండి, మంచులో, జెండా పట్టుకుని. జనవరి 26 సంచికలో వేసుకుంటాం" అన్నారు. చంపాను. కొటేషన్ల పేరా తీసేశారు, మార్చి 31 తీసేశారు, మేజోళ్ళు తీసేశారు. డెబ్భై అయిదు రూపాయల మనియార్డరు వచ్చింది. పాఠకుల ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి, కన్నీళ్ళు ఆగలేదని. ఆ కథని నా ఏ సంపుటిలోనూ చేర్చలేదు. నువ్వు మీ తాతని చంపానని రాసిన చోట నాకు ఆ హవల్దారు కనిపించాడు.

ఆ ఎడిటరు తరహా మనుషులు తర్వాతా తగిలారు. ఇంకొకాయన ".303" అన్న చోటల్లా "తుపాకీ" అని దిద్దేవాడు, పాఠకుడికి అంకెలు బరువని. తుపాకీ అంటే ఏ తుపాకీ? మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్ళు పట్టుకుని వెళ్ళిన రకమే 1962లో కూడా పట్టుకున్నారన్నది ఆ అంకెలోనే ఉంది. దాన్ని కొట్టేస్తే కథలో మిగిలేది చావొక్కటే. ఆగస్టు సంచిక, జనవరి సంచిక, రెండింటికీ రెండు వీరమరణాలు కావాలి. నలభై ఏళ్ళుగా ఇదే చూస్తున్నాను. ఇప్పుడు ఫోన్లలో ఇంకా ఎక్కువైంది. దండం పెట్టి షేర్ చేస్తారు. ఆ దండంలో ప్రశ్న ఉండదు.

ఇది పాత సంగతి కదా అంటావేమో. కాదు నాయనా. 1986లో 410 బోఫోర్స్ ఫిరంగులు కొన్నాం. మరుసటేడు లంచాల గొడవ బయటపడింది. విచారణ జరగాల్సిందే, దొంగలు ఎవరో తేలాల్సిందే. జరిగింది వేరు. ఎవరికీ శిక్ష పడలేదు. ఫిరంగుల కొనుగోలు అంటేనే సంతకం పెట్టే చెయ్యి వణికే రోజులొచ్చాయి. సైన్యానికి కొత్త 155 మిల్లీమీటర్ల విదేశీ ఫిరంగులు మళ్ళీ చేరింది 2018 నవంబరులో. మధ్యలో కార్గిల్ జరిగింది. ఉన్నదాంతోనే పోరాడతామని అప్పటి సైన్యాధిపతి జనరల్ మాలిక్ అన్న మాటని మనం వీరత్వంగా చదువుకున్నాం. నాకు అది ఫిర్యాదులాగే వినిపించింది.

2014 ఫిబ్రవరిలో సింధురత్న జలాంతర్గామిలో మంటలు రేగి ఇద్దరు అధికారులు చనిపోయారు. బ్యాటరీలు కాలం చెల్లినవని పత్రికలు రాశాయి. నౌకాదళాధిపతి జోషి అదే రోజు రాజీనామా ఇచ్చారు, అదే రోజు ఆమోదించారు. బ్యాటరీల ఫైలు ఎన్ని బల్లల మీద ఎన్నాళ్ళు కూర్చుందో, ఆ బల్లల వెనకున్న వాళ్ళలో ఒక్కరూ కుర్చీ వదల్లేదు. 2018 మార్చిలో, సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతబడిందని పార్లమెంటు స్థాయీ సంఘం ముందు సైన్యమే చెప్పుకుంది. సంఘం అధ్యక్షుడు ఖండూరీ అధికార పార్టీ మనిషే, పైగా మాజీ మేజర్ జనరల్. ఆ నివేదిక ఇచ్చారు. సెప్టెంబరుకల్లా ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. వైమానిక దళానికి 42 యుద్ధ విమానాల స్క్వాడ్రన్లు కావాలని మంజూరు ఉంది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకి వీడ్కోలు చెప్పాక మిగిలింది 29. వాటి బదులు రావాల్సిన 83 తేజస్‌లకి ఆర్డరు ఇచ్చింది 2021లో. వీడ్కోలు రోజుకి వాటిలో ఒక్కటీ దళానికి చేరలేదు. ఆ రోజు టీవీల్లో పాటలు వేశారు.

చూశావా, ఒక పార్టీ కాదు. నువ్వు ఇవి రాస్తే నిన్ను మాత్రం ఏదో ఒక పార్టీవాడంటారు. దేశద్రోహి అని కూడా అనొచ్చు, సైన్యాన్ని తక్కువ చేశావంటారు. టెన్షన్ పడకు. మీ తాత వేసుకున్న బూట్ల గురించి మీ తాత మనవడు రాయకూడదా?

పోటీకి పంపాలా, పుస్తకం ముద్రణకి ఎంతవుతుంది, కలంపేరు పెట్టుకోవాలా అని ఏవేవో అడిగావు. అవి ఇప్పుడొద్దు.

ఇప్పుడు కథ సంగతి. మళ్ళీ రాయి. మీ తాతని బతికించు. ఆయన 1963లో మాధవరం దారిలో బస్సు దిగి నడిచి వస్తున్నప్పటి నుంచి మొదలుపెట్టు. ఆ ఊళ్ళో దాదాపు ప్రతి ఇంట్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు ఉంటారు కదా, పట్టుబడి తిరిగొచ్చినవాణ్ణి వాళ్ళు ఎలా చూశారు? చనిపోయినవాళ్ళ ఫోటోలకి దండలు వేశారు, ఈయనకి ఏం వేశారు? నువ్వే ఉత్తరంలో ఒక మూల రాశావు, ఆయన ఎప్పుడూ యుద్ధం గురించి చెప్పలేదని, ఎండాకాలంలో కూడా మేజోళ్ళతో పడుకునేవాడని. అంత గొప్ప సంగతి ఉత్తరంలో పెట్టి, కథలో జెండా పెట్టావు! మేజోళ్ళు కథలోకి రావాలి. తిమ్మయ్య రాజీనామా వచ్చిన పేపరు ఆయన ఏ క్యాంపులో చదివాడో, అసలు చదివాడో లేదో ఊహించు. ఢిల్లీలో ఆ బూట్ల ఫైలు వెనక్కి పంపి ఉండే గుమాస్తాని కూడా కథలోకి తీసుకురా. అతన్ని చెడ్డవాడిగా రాయకు. అతను రూలు ప్రకారం చేశాడు, రూలు రాసినవాళ్ళు ఎక్కడున్నారో వెతుకు. అతని గురించి ఏమైనా అడగాలంటే నన్ను అడుగు, నాకు తెలుసు.

ఇంకో మాట. మీ అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఆ కాన్వాసు బూట్లు ఇంకా ఉన్నాయని రాశావు. మిలిటరీ సామాను మీద తయారైన సంవత్సరం, సైజు అంకె ముద్ర వేస్తారు. అడుగున గానీ, లోపల నాలిక మీద గానీ ఉంటుంది. అరిగిపోయి ఉంటే వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడు. అమ్మమ్మని అడిగే తియ్యి, ఆవిడ లేనప్పుడు పెట్టె తెరవకు. ఏ సంవత్సరం ఉందో, మీ తాత కాలి కొలతకి ఆ సైజు సరిపోయేదో లేదో ఆవిడకి గుర్తుంటే అదీ కనుక్కుని, ఈ వారంలోనే ఒక కార్డు ముక్క రాయి.

మీ
బాబాయి